గోధుమ మానేసి ఎనిమిది నెలలైనా పాపకు కడుపునొప్పి తగ్గలేదంటే

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, ఇదే ఇబ్బంది పడుతున్న మిగతా తల్లిదండ్రులకూ పనికొస్తుంది. పాపకు ఏడేళ్లు, మీరుండేది బెంగళూరులో మారతహళ్లి వైపు. పోయిన ఏడాది బరువు పెరగడం లేదని, రక్తం తక్కువగా ఉందని పరీక్షలు చేయిస్తే టీటీజీ (గ్లూటెన్ పడనివాళ్లలో పెరిగే యాంటీబాడీని కొలిచే రక్తపరీక్ష) 200కు పైన వచ్చింది. ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు ముక్క తీసి చూసి సీలియాక్ అని ఖాయం చేశారు, అంటే గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు. ఎనిమిది నెలలుగా గోధుమ, మైదా, రవ్వ పాపకు పెట్టడం లేదు. బరువు పెరిగింది, రక్తం పెరిగింది, టీటీజీ 46కి దిగింది, మీ ల్యాబ్ హద్దు 20. అయినా వారానికి మూడు నాలుగు రోజులు బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. ఎక్కువగా పొద్దున్నే బస్సు వచ్చే ముందు, ఒక్కోసారి రాత్రి అన్నం తిన్నాక. సెలవుల్లో కొంచెం తక్కువ. అత్తగారు పాలు మానిపించమంటున్నారు, మీ స్నేహితురాలు పప్పు, గుడ్డు కూడా ఆపి చూడమంటోంది. ఇంకా ఏం మానిపించాలి అని మీరు అడిగారు.

ప్రస్తుతానికి ఏదీ మానిపించకండి. ఇప్పటికే ఆ పిల్ల పళ్ళెంలోంచి సగం వస్తువులు పోయాయి. కారణం తెలియకుండా ఇంకోటి, మరోటి తీసేస్తూ పోతే నొప్పి అలాగే ఉంటుంది, పెరిగిన బరువు మాత్రం మళ్ళీ తగ్గుతుంది. నేను పిల్లల డైటీషియన్‌ని. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులోనే, పిల్లల గ్యాస్ట్రో డాక్టర్లతో కలిసి పనిచేస్తాను. మందుల మోతాదులు నేను చెప్పను, అది మీ డాక్టరుగారి పని. ఏది ముందు వెతకాలి, ఏది తర్వాత అన్నది మాత్రం చెప్పగలను.

మీ సందేశం చివర్లో, ఏదో మామూలు సంగతిలా ఒక మాట రాశారు: మోషన్ రోజూ అవుతుంది కానీ కొంచెమే, లోబట్టలకు అప్పుడప్పుడు మరకలుంటాయి, సరిగ్గా కడుక్కోవడం లేదేమో అని. నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా కనిపించింది. ఏడేళ్ల పిల్లకు కడుక్కోవడం రాక అలా అవ్వదమ్మా. పెద్దపేగు చివర గట్టి మలం పేరుకుపోతే, దాని పక్కనుంచి పలచటిది కొంచెం కొంచెం జారుతుంది. పిల్లకు అది తెలియను కూడా తెలియదు. పైకి చూస్తే రోజూ అవుతున్నట్టే ఉంటుంది, కొందరిలో విరేచనాల్లా కూడా కనిపిస్తుంది, లోపల మాత్రం నాలుగైదు రోజులది నిలవ ఉంటుంది. గ్లూటెన్ మానేశాక కూడా నొప్పి అంటూ వచ్చే పిల్లల్లో నేను మొదట అనుమానించేది మలబద్ధకాన్నే. డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూస్తే ఎడమవైపు కింద గట్టిగా తగులుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఈ మరకల సంగతి మొహమాటం లేకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

గోధుమ మానేయడానికీ దీనికీ సంబంధం ఏంటంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల గోధుమపిండికి పీచు 11 గ్రాముల పైన ఉంది, మిల్లు పట్టిన తెల్ల బియ్యానికి 3 గ్రాముల లోపే. మీ పాప ఇదివరకు రాత్రిపూట రెండు చపాతీలు తినేది. వాటి బదులు ఇప్పుడు అన్నం వచ్చింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం ఆలూ చిప్స్, రాత్రి మళ్ళీ అన్నం. ఆన్‌లైన్లో తెప్పిస్తున్నామన్న గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ చాలావరకు మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి, బంగాళాదుంప పిండే, అందులో పీచు అంతంతమాత్రం. ఈ వయసుకు రోజుకు కనీసం ఎంత పీచు కావాలో అందాజుగా తెలియాలంటే వయసుకు ఐదు కలపండి, మీ పాపకు 12 గ్రాములు. మీరు రాసిన తిండిలో సగం కూడా రాదు.

ఇంకొకటి. రక్తం కోసం ఇచ్చిన ఐరన్ సిరప్ ఇంకా వేస్తున్నారా? మోషన్ నల్లగా, గట్టిగా రావడానికి, కడుపులో నొప్పికి కూడా అది కారణం కావచ్చు. సొంతంగా ఆపేయకండి, ఇంకా అవసరమా, మందు మార్చవచ్చా అని డాక్టరును అడగండి.

ఇది చదివి రేపటి నుంచే పీచు గుమ్మరించకండి. నిండిపోయిన పేగులో ఇంకా పీచు వేస్తే ఉబ్బరం, నొప్పి ఎక్కువవుతాయి. ముందు పేరుకున్నది బయటికి రావాలి. దానికి పిల్లల డాక్టర్లు సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి రాస్తారు, నీళ్లలో కలిపి తాగించేది. మొదటి కొన్ని రోజులు ఎక్కువ మోతాదు, తర్వాత తక్కువ మోతాదులో నెలల తరబడి. మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు రెండో భాగంలోనే. వారానికి మోషన్ మెత్తగా రాగానే, మందుకు అలవాటు పడిపోతుందేమో అని ఆపేస్తాం. ఈ మందు అలవాటయ్యే రకం కాదు, ఒంట్లోకి దాదాపు ఇంకదు, మలంలో నీటిని పట్టి ఉంచుతుంది అంతే. సాగిపోయిన పేగు మళ్ళీ మామూలు కావడానికి కనీసం రెండు నెలలైనా పడుతుంది. ఆముదం వద్దు. మెలిపెట్టే నొప్పి వస్తుంది, ఆ పూటకు ఖాళీ అవుతుంది, మర్నాటి నుంచి కథ మళ్ళీ మొదటికే.

మీ పొద్దుటి పూట ఎలా గడుస్తుందో చూడండి. ఆరున్నరకు లేపడం, గ్లాసుడు పాలు, జడ, యూనిఫాం, ఏడుంబావుకు బస్సు. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు ముడుచుకుని కదలడం ఒంటి సహజ గుణం. ఖాళీగా ఉన్న పేగు కదిలితే ఏమీ తెలియదు, నిండుగా ఉన్నది కదిలితే బొడ్డు చుట్టూ నొప్పి. అప్పుడు పిల్ల బాత్రూంలో కూర్చోవాలి, కానీ కింద బస్సు హారన్ కొడుతోంది. బడిలో బాత్రూమ్‌కి వెళ్లదని మీరే రాశారు. సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది. రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ అదే నొప్పి. మీరు చెప్పిన వేళలు రెండూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. పొద్దున వీలు కాకపోతే బడి నుంచి వచ్చి ఏదైనా తిన్న పావుగంటకు, లేదా రాత్రి భోజనం తర్వాత, పది నిమిషాలు కూర్చోబెట్టండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్లు గాల్లో వేలాడకూడదు, పాదాల కింద ఎత్తుపీట వేస్తే మోకాళ్లు నడుము కంటే పైకి వస్తాయి. ఫోను ఇవ్వకండి. వచ్చిందా రాలేదా అని తలుపు బయట నిలబడి అడగనూ వద్దు, కూర్చున్నందుకే మెచ్చుకోండి.

పేగు ఖాళీ అయ్యాక పీచు సంగతి. ఈ విషయంలో బెంగళూరులో ఉండడం అదృష్టమే. దేశంలో రాగులు ఎక్కువగా పండేది కర్ణాటకలోనే. రాగుల్లో పీచు గోధుమకు సమానంగా ఉంటుంది, వందకు 11 గ్రాములు, పైగా కాల్షియం 364 మిల్లీగ్రాములు. మన రాయలసీమ సంగటి, వీళ్ల ముద్దె ఒకటే వస్తువు. ఏడేళ్ల పిల్ల ముద్ద మింగనంటే రాగి దోశ వేయండి, రాగి పిండిలో ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి రొట్టె తట్టండి. పొట్టు పెసలతో పెసరట్టు, ఆకుకూర పప్పు, బొబ్బర్లు, జామపండు, బొప్పాయి, జొన్న రొట్టె. చలికాలంలో అవరెకాయ (మన అనపకాయ) వస్తుంది కదా, ఆ గింజలు వేసిన అక్కి రొట్టె, అంటే బియ్యప్పిండి రొట్టె, పిల్లలు ఇష్టంగా తింటారు. నీళ్ల సీసా బడి నుంచి నిండుగానే తిరిగి వస్తోందా చూడండి. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలం ఇంకా గట్టిపడుతుంది.

ఇక గ్లూటెన్ ఎక్కడినుంచైనా వస్తోందా అన్న ప్రశ్న. 200 పైనుంచి ఎనిమిది నెలల్లో 46 అంటే దారి సరైనదే. అంత ఎత్తులో మొదలైన టీటీజీ మామూలు స్థాయికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఇంకా హద్దు మీద ఉందని టెన్షన్ పడక్కర్లేదు. వచ్చే పరీక్షలో ఇంకా దిగాలి. అక్కడే ఆగిపోయినా, పెరిగినా, లోపలికి ఏదో పోతోందని అర్థం. తిరకాసు ఏంటంటే, టీటీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన అప్పుడప్పుడు ఒక ముక్క కూడా పడలేదని రుజువు కాదు. కాబట్టి వంటిల్లు ఒకసారి సోదా చెయ్యాల్సిందే.

ఎంత పడితే ఎంత హాని అన్నదానికి ఒక కొలత ఉంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు పడితే పేగు దెబ్బతిన్నట్టు 2007లో వచ్చిన ఇటలీ అధ్యయనం చూపింది. 10 మిల్లీగ్రాముల లోపైతే చాలామందికి ఫరవాలేదని నిపుణుల అభిప్రాయం. ఒక బ్రెడ్ ముక్కలో గ్లూటెన్ సుమారు రెండు గ్రాములు, అంటే పది మిల్లీగ్రాములు దానిలో రెండువందల భాగాల్లో ఒకటి. ఇప్పుడు మీ పోపులడబ్బా తీయండి. అందులో ఇంగువ ఉంటుంది. బజారులో దొరికే పొడి ఇంగువ, ముద్ద ఇంగువ రెండూ చాలావరకు జిగురు, పిండి కలిపిన మిశ్రమమే, ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమదో మైదానో. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పావు చెంచా, అంటే అర గ్రాము వేశారనుకోండి. సగం పిండి అనుకుంటే గిన్నె మొత్తంలో పాతిక మిల్లీగ్రాముల గ్లూటెన్. పాప వాటాకు నాలుగైదు. ఇది నా అందాజు లెక్కే. ఒక్క చారుతో ఏమీ కాదు. కానీ మన ఇళ్ళల్లో చారులో ఇంగువ, పప్పులో ఇంగువ, పచ్చడి పోపులో ఇంగువ, ఆవకాయ కాకపోతే మాగాయలో ఇంగువ, అప్పడంలో ఇంగువ, మజ్జిగలో కూడా ఇంగువ. రెండు పూటలా కలిపితే హద్దు దాటడం ఎంతసేపు? బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, పదార్థాల పట్టీ చదివి కొనండి. దొరికేదాకా వెల్లుల్లి పోపు పెట్టుకోండి. ఊరి నుంచి అమ్మ పంపిన పచ్చళ్లలో ఏ ఇంగువ వేశారో ఫోన్ చేసి కనుక్కోండి, ఆవిడ ఏమీ అనుకోరు.

పిండిమర రెండో చోటు. రాగులు, జొన్నలు, శనగలు వేటిలోనూ గ్లూటెన్ లేదు. కానీ మీ వీధి చివరి మరలో మీ ముందువాళ్లు పట్టించింది గోధుమలైతే, ఆ మర గొట్టంలో మిగిలిన పిండి మీ సంచిలోనే పడుతుంది. కొట్లో విడిగా అమ్మే రాగి పిండికీ ఇదే ఇబ్బంది. గింజలు కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లో మిక్సీలోనో చిన్న మరలోనో పట్టుకోవడమే మంచిది. ఏరడం అన్నది మాటవరసకు కాదు, జొన్నల్లో గోధుమ గింజలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. అది కుదరకపోతే గ్లూటెన్ ఫ్రీ అని రాసిన పిండి కొనండి. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. మిల్లెట్ నూడుల్స్, రాగి సేమియా, రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ ఇవి చాలావరకు ముందువైపు రాగి కంకి బొమ్మ, వెనకవైపు గోధుమపిండి. వెనకవైపే చదవండి. గోధుమ, బార్లీ ఉంటే విడిగా అలర్జీ హెచ్చరిక రాయాలని 2020 లేబుల్ నిబంధనల్లో ఉంది, కంటికి త్వరగా కనపడేది ఆ లైనే.

వంటావిడ వస్తారని రాశారు. ఆవిడ మిగతావాళ్లకు చపాతీ ఒత్తిన పీట మీదే పాపకు జొన్న రొట్టె తడుతున్నారేమో చూడండి. చపాతీ పీట, కర్ర, పిండి జల్లెడ, టోస్టర్ ఈ నాలుగూ పాపకు వేరే ఉండాలి, ఎందుకంటే వాటిని పూర్తిగా శుభ్రం చెయ్యలేం. స్టీలు గిన్నెలు, గరిటెలు మామూలుగా తోమితే చాలు, రెండు వంటిళ్లు పెట్టాల్సిన పనిలేదు. పాప వంట ముందు చేయించండి, చపాతీ పిండి తర్వాత తీయమనండి. గోధుమపిండి చేతికి తగిలినందువల్ల ఏమీ కాదు, నోట్లోకి పోతేనే. బడిలో ఆడుకునే రంగుల పిండి ముద్దల్లో గోధుమ ఉంటుంది, ఆడుకున్నాక చెయ్యి కడుక్కోమని చెప్పండి, సరిపోతుంది.

బయట తిండిలో మనవాళ్లు మోసపోయేది మన ఊరి అలవాటుతోనే. మన ఇళ్లలో ఇడ్లీకి వాడేది బియ్యపు రవ్వ, భయం లేదు. ఇక్కడి హోటళ్లలో రవ ఇడ్లీ బొంబాయి రవ్వతో చేస్తారు, అది అచ్చంగా గోధుమ. మన చెక్కలు ఉత్త బియ్యప్పిండి, వాటి అన్నదమ్ముల్లా కనిపించే నిప్పట్టులో మైదా, రవ్వ కలుపుతారు, కోడుబళెలో కూడా కలిపేవాళ్లున్నారు. మద్దూరు వడ సంగతీ అంతే. ఖారాబాత్, కేసరిబాత్ ఎలాగూ రవ్వే. దర్శిని హోటల్లో సాదా దోశ అడిగినా, అదే పెనం మీద రవ్వ దోశ పోసి ఉంటారు, కరకరలాడడానికి పిండిలో కాస్త రవ్వో మైదానో కలిపేవాళ్లూ ఉన్నారు. ఆవిరి మీద ఉడికిన మామూలు ఇడ్లీ, తట్టె ఇడ్లీ నయం, సాంబారు వద్దు, ఇంగువ గుర్తుంది కదా. కొబ్బరి చట్నీ కూడా పోపు లేకుండా ఇమ్మనండి. బజ్జీల నూనెలోనే వేయించిన చిప్స్ కూడా వద్దు. చైనీస్ అసలే వద్దు, సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

బార్లీ చాలామందికి గుర్తుండదు. హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా లాంటి మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. బలానికని తాతగారు కలిపి ఇచ్చేది అదే కావచ్చు. కార్న్‌ఫ్లేక్స్‌లో రుచికి మాల్ట్ వేస్తారు. ఓట్స్ ఇప్పుడే వద్దు, గోధుమ కలవనివి దొరికినా డాక్టరు సరేనన్నాకే.

ప్రసాదాల విషయంలో ఇంట్లో గొడవ అవుతోందని రాశారు. నిజమే, అన్నవరం ప్రసాదం గోధుమ నూక, వ్రతానికి చేసేది బొంబాయి రవ్వ. ఒక్క పలుకు నోట్లో వేస్తే ఏమవుతుందని పెద్దవాళ్లు అంటారు. అత్తగారితో వాదించకండి, ఆ పని ఆవిడకే అప్పగించండి: పాపకు ఏ ప్రసాదం పెట్టవచ్చో మీరే చూసి చెప్పండి అని. వడపప్పు, పానకం, కొబ్బరి ముక్క, అటుకులు బెల్లం, ఇంట్లో చేసిన చక్కెర పొంగలి, అన్నీ పనికొస్తాయి. మనవైపు ఈ జబ్బు పేరే వినలేదని ఆవిడ అనడంలో తప్పులేదు. 2016లో వచ్చిన సర్వేలో ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా సీలియాక్ ఉంటే దక్షిణాన వెయ్యికి ఒకరికి తేలింది. జన్యువులు రెండు చోట్లా దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి, గోధుమ తినే మోతాదు మాత్రం అక్కడ రోజుకు 455 గ్రాములు, ఇక్కడ 25. ఇప్పుడు మనమూ రాత్రిళ్లు చపాతీకి మారాం కదా.

పాలు. అత్తగారి మాటలో కొంత అర్థముంది. సీలియాక్‌లో దెబ్బతినేది చిన్నపేగు లోపలి పొర, పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తయారయ్యేది అక్కడే. అందుకే మొదట్లో చాలామంది పిల్లలకు పాలు పడవు. పొర మానేకొద్దీ నెలల్లో మళ్ళీ పడతాయి. పైగా దక్షిణాది వాళ్లలో చాలామందికి వయసు పెరిగేకొద్దీ ఈ ఎంజైమ్ తగ్గుతుంది. అయితే పాల వల్ల అయితే తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు ఉబ్బరం, గ్యాస్, పలచటి మోషన్ ఉంటాయి. మీ పాపకు ఉన్నది దానికి దాదాపు వ్యతిరేకం. మోషన్ సంగతి తేలాక కూడా నొప్పి ఉంటే, రెండు వారాలు పాలు ఆపి చూడండి, పెరుగు మామూలుగానే పెట్టండి. తేడా కనిపిస్తే తిరిగి పాలు ఇచ్చి నొప్పి వస్తుందేమో చూడండి, వస్తేనే నమ్మండి. తేడా లేకపోతే పాలు మళ్ళీ మొదలుపెట్టాలి. ఎదిగే పిల్లకు ఎముకల కోసం కాల్షియం కావాలి. మలబద్ధకం మందు, ఇంగువ మార్పు, పాలు ఆపడం, అన్నీ ఒకే వారం చేస్తే నొప్పి తగ్గినా దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. పప్పు, గుడ్డు జోలికి అసలు పోవద్దు.

ఇవన్నీ సరిచేశాక కూడా కొందరు పిల్లలకు నొప్పి మిగులుతుంది. పరీక్షల్లో ఏమీ ఉండదు. దీన్ని ఫంక్షనల్ నొప్పి అంటారు. సీలియాక్ లేని పిల్లల్లోనూ బాగా మామూలు. బ్రిటన్‌లో 1958లోనే చేసిన ఒక సర్వేలో బడిపిల్లల్లో పదిమందికి ఒకరికి ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పి ఉన్నట్టు తేలింది. వాళ్లు నటించడం లేదు. పేగు నరాలు మామూలు కదలికనే నొప్పిగా పంపుతాయి. బడి భయం, అందరూ కేక్ తింటుంటే తను పక్కన కూర్చోవాల్సి రావడం, ఇంట్లో తన తిండి గురించే రోజూ చర్చ, ఇవి దాన్ని పెంచుతాయి. సెలవుల్లో తక్కువ అన్నారు కాబట్టి ఇందులో కొంత ఉండొచ్చు, మలబద్ధకానికి తోడుగా. చెయ్యవలసింది: నొప్పి ఎలా ఉంది అని గంటగంటకూ అడగడం మానడం. తనే చెప్తే విని, నమ్మి, వీపు నిమిరి, వేరే పనిలోకి మళ్లించడం. తల్లిదండ్రులు నొప్పి మీదే మాట్లాడుతుంటే పిల్లల ఫిర్యాదులు పెరుగుతాయని, దృష్టి మళ్లిస్తే తగ్గుతాయని పరిశోధనల్లో కనిపించింది. బడి మాన్పించకండి. పుట్టినరోజులప్పుడు తనకు నచ్చిన స్వీటు ఒకటి క్లాస్ టీచర్ దగ్గర డబ్బాలో ముందే పెట్టించండి.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టి మూడు వారాలు రాయండి. నొప్పి వేళ, వేలుతో ఎక్కడ చూపించింది, అంతకు ముందు రోజు నుంచి ఏం తింది, మోషన్ గట్టిగానా మెత్తగానా, బడి ఉందా సెలవా. గ్లూటెన్ పడితే కొందరికి రెండు మూడు గంటల్లో వాంతి, కొందరికి మర్నాడు నొప్పి, అందుకే ముందు రోజుది కూడా. పాప కళ్ళముందు రాయకండి. పోయిన ఆరు నెలల్లో నులిపురుగుల మందు వేశారో లేదో కూడా అందులోనే రాసుకోండి, డాక్టరు అడుగుతారు.

ఈ నోటుబుక్కు కోసం ఆగకుండా వెంటనే చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. నొప్పికి నిద్రలోంచి లేవడం, మోషన్‌లో రక్తం, పచ్చటి పసరు వాంతి, ఆగని వాంతులు, కారణం తెలియని జ్వరం, కీళ్ల నొప్పులు, మళ్ళీ బరువు తగ్గడం. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి, నడిస్తే ఎక్కువవుతుంటే అపెండిక్స్ కావచ్చు, అది రాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిన విషయం. నొప్పి బొడ్డుకు దూరంగా, రోజూ ఒకేచోట ఉన్నా చెప్పండి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్ష చేయించకుండా, ఎవరో చెప్పారని పిల్లలకు గోధుమ మానిపించినవాళ్లు ఉంటారు. వాళ్లకు పైన రాసినదంతా వర్తించదు. గోధుమ ఆపేశాక టీటీజీ దానంతటదే దిగిపోతుంది, అప్పుడు పరీక్ష నార్మల్ వచ్చినా అర్థం ఉండదు. గోధుమ మానేస్తే కొంచెం నయమైందంటే సీలియాక్ అనే కాదు, గోధుమలో గ్యాస్ చేసే పిండిపదార్థాలు వేరే ఉన్నాయి, ఉల్లి, వెల్లుల్లిలోనూ అవే ఉంటాయి. డాక్టరు పర్యవేక్షణలో గోధుమ మళ్ళీ పెట్టి పరీక్షించాలా వద్దా అన్నది వాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.

మీకు మూడేళ్ల బాబు కూడా ఉన్నాడన్నారు. సీలియాక్ ఉన్నవాళ్ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, తల్లిదండ్రులకు అది ఉండే అవకాశం సుమారు ఏడెనిమిది శాతం, లక్షణాలేమీ లేకపోయినా. బాబుకూ మీ ఇద్దరికీ టీటీజీ, దానితోపాటు మొత్తం ఐజీఏ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) పరీక్ష చేయించండి. ఐజీఏ అసలే తక్కువ ఉన్నవాళ్లలో టీటీజీ తప్పుగా నార్మల్ చూపిస్తుంది. అక్క కోసమని ఇంట్లో అందరికీ గోధుమ మానిపించే ఆలోచన ఉంటే, రక్తం ఇచ్చేదాకా బాబు చపాతీ మాత్రం ఆపకండి.